పికప్ బండి టైరు అలారం ఊరికే కూస్తోందా? సెన్సర్ మార్చేముందు ఇవి చూడండి

ప్రకృతి వ్యవసాయానికీ టైరు సెన్సర్‌కీ ఏం సంబంధం అని కొందరు అనుకోవచ్చు. పండించింది మనమే అమ్ముకుందాం అనుకున్న రోజునే బండి కూడా సేద్యంలో భాగమైపోయింది. రావులపాలెం మార్కెట్‌కి అరటి గెలలు, అంబాజీపేటకి కొబ్బరి, కడియం నుంచి మొక్కలు, రాజమండ్రి రైతుబజారుకి కూరగాయలు, అన్నీ చిన్న పికప్ మీదే వెళ్తున్నాయి. జీవామృతం 200 లీటర్ల డ్రమ్ము ఒక్కటే 200 కిలోలు దాటుతుంది. ఐదు ఎక్కిస్తే టన్ను పైనే. ఆ బరువుతో మే నెల ఎండలో 16వ నంబరు జాతీయ రహదారి మీద వెనక టైరు పేలితే పోయేది సరుకు ఒక్కటే కాదు.

అందుకని మన రైతులు కొందరు టైరు గాలి హెచ్చరిక సెన్సర్లు, అంటే టీపీఎంఎస్, పెట్టించుకుంటున్నారు. మంచిదే. కానీ నెల తిరిగేసరికి "ఊరికే కూస్తోందండీ" అని దాని నోరు నొక్కేస్తున్నారు. అది మాత్రం వద్దు. అది కూసిందంటే ఏదో కారణం ఉంటుంది. ఆ కారణం ఎలా పట్టుకోవాలో వరసగా చెబుతాను. చేత్తో చేసి చూపించినదంతా వీడియోలో ఉంది.

మీ బండికి ఉన్నది ఏ రకం?

మొదటిది మూత రకం. వాల్వ్ మూత తీసేసి దాని బదులు సెన్సర్ బిగిస్తారు, అద్దం దగ్గర చిన్న డిస్‌ప్లే పెడతారు. బయట కొనుక్కుని పెట్టించుకునేవాటిలో ఇదే ఎక్కువ. ట్యూబు టైరుకైనా పనిచేస్తుంది.

రెండోది లోపలి రకం. టైరు లోపల వాల్వ్‌కే సెన్సర్ ఉంటుంది. ట్యూబ్‌లెస్ టైర్లకే ఇది కుదురుతుంది.

మూడో రకంలో గాలి కొలిచే సెన్సరే ఉండదు. ఏబీఎస్ సెన్సర్లు చక్రాల వేగం చూస్తుంటాయి. గాలి తగ్గిన చక్రం చుట్టుకొలత కాస్త తగ్గి, మిగతావాటికంటే ఎక్కువ తిరుగుతుంది. దాన్నిబట్టి లైటు వెలుగుతుంది. నాలుగింటిలోనూ ఒకేలా గాలి తగ్గితే ఈ రకం సరిగా పట్టుకోలేదు. గాలి కొట్టించిన ప్రతిసారీ రీసెట్ కూడా చెయ్యాలి. చెయ్యకపోతే లైటు ఆరకపోవచ్చు.

కంపెనీ నుంచి వచ్చిన లైటు నిలకడగా వెలుగుతుంటే గాలి తక్కువని అర్థం. బండి స్టార్ట్ చెయ్యగానే ఒక నిమిషం పాటు మిణుకుమిణుకుమని, తర్వాత ఆగకుండా వెలిగితే చాలా బండ్లలో సెన్సర్‌లోనో సిస్టమ్‌లోనో లోపమని అర్థం. ఈ రెండింటి తేడా తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ముందు గేజి, తర్వాతే సెన్సర్

తెల్లవారి, బండి కదలకముందు, నాలుగు టైర్లూ చేతి గేజితో చూడండి. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు పక్కన ఫ్రేము మీద అంటించిన స్టిక్కరులోనో, బండి పుస్తకంలోనో ఉంటుంది. ఖాళీ బండికి ఒక అంకె, లోడుకి ఒక అంకె, ముందు టైర్లకి వేరు, వెనక టైర్లకి వేరు ఉండొచ్చు. టైరు పక్కన ముద్రించి ఉన్నది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం. అది మన కొలత కాదండి.

గేజికీ డిస్‌ప్లేకీ ఒకటి రెండు పీఎస్ఐ తేడా ఉంటే పట్టించుకోవద్దు. అంకెలు బొత్తిగా కలవకపోతే డిస్‌ప్లే బార్‌లో చూపిస్తోందేమో చూడండి. 1 బార్ అంటే 14.5 పీఎస్ఐ.

మధ్యాహ్నం మాత్రమే కూస్తుంటే

వేడెక్కితే గాలి వ్యాకోచిస్తుంది. పొద్దున్న 25 డిగ్రీల దగ్గర 60 పీఎస్ఐ పెట్టారనుకోండి. లోడుతో నడిచి టైరు లోపలి గాలి 65 డిగ్రీలకి చేరితే ఒత్తిడి సుమారు 70 అవుతుంది. పై హద్దు 66 దగ్గర పెట్టి ఉంటే ప్రతి మధ్యాహ్నం కూస్తుంది మరి! ఈ లెక్కకైతే పై హద్దు 75 దగ్గర, కింది హద్దు 48 దగ్గర పెట్టుకుంటే సరిపోతుంది. మీ అంకె వేరైతే చల్లగా ఉన్నప్పటి కొలతకి పైకి 25 శాతం, కిందకి 20 శాతం లెక్క వేసుకోండి.

వేడి టైరులోంచి గాలి మాత్రం తియ్యకండి. రాత్రి చల్లారాక అది ఉండాల్సిన దానికంటే తక్కువైపోతుంది. గాలి తక్కువైన టైరు ఎక్కువ నలుగుతుంది, ఆ నలుగుడుకి ఇంకా వేడెక్కుతుంది, చివరికి పేలేది అదే.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. చిన్న లీకు వల్ల పొద్దుటి కొలత 60 నుంచి 52కి పడిపోయినా, మధ్యాహ్నం వేడికి డిస్‌ప్లే మీద మళ్లీ 60 దాకా కనిపిస్తుంది. అంతా బాగానే ఉంది అనుకుంటాం. అందుకే చల్లటి పొద్దుటి కొలతే నమ్మాలి.

ఒకే టైరు రోజూ తగ్గుతుంటే: కుంకుడు నురగ పరీక్ష

మామూలు మూత ఉన్నప్పుడు గాలిని ఆపేది లోపలి వాల్వ్ పిన్ను. మూత సెన్సర్ బిగించినప్పుడు అది ఆ పిన్నుని నొక్కి ఉంచుతుంది. అప్పుడు గాలినంతా ఆపేది సెన్సర్‌లోని చిన్న రబ్బరు వాషరే. అది ఎండి పగిలినా, దానిలో ఇసుక రేణువు పడినా లీకే.

నాలుగు కుంకుడుకాయలు నానబెట్టి, పిసికి, చిక్కటి నురగ తియ్యండి. సెన్సర్ మొదట్లో, వాల్వ్ కాడ రిమ్ములోంచి వచ్చేచోట, రిమ్ము అంచు చుట్టూ రాయండి. ఒక నిమిషం ఆగితే లీకు ఉన్నచోట బుడగ ఊరుతుంది. సెన్సర్ తీసి పాత మూత పెట్టి ఒక రాత్రి ఉంచండి. గాలి తగ్గకపోతే తప్పు వాషర్‌దే. అప్పటికీ తగ్గితే పంక్చర్ షాపుకి వెళ్లాల్సిందే.

డిస్‌ప్లే మీద అంకె బదులు గీతలే వస్తుంటే

బండి ఆగి ఉన్నప్పుడు చాలా సెన్సర్లు నిద్రపోతాయి. కాస్త దూరం నడిపి చూడండి.

అప్పటికీ రాకపోతే బ్యాటరీ. మూత రకంలో చాలావాటికి సీఆర్ 1632 బిళ్ల బ్యాటరీ ఉంటుంది. పాతదాని మీద నంబరు చూసి అదే వెయ్యండి, నాలుగూ ఒకేసారి మార్చండి. లోపలి రకంలో బ్యాటరీ మూసేసి ఉంటుంది. సాధారణంగా 5 నుంచి 10 ఏళ్లు వస్తుంది, తర్వాత సెన్సరే మార్చాలి.

బ్యాటరీ బాగానే ఉండి వెనక టైర్లవి మాత్రమే రాకపోతే సిగ్నల్ అడ్డం చూడండి. ఇనప బాడీ, ఇనప డ్రమ్ములు రేడియో సిగ్నల్‌ని ఆపుతాయి. ఖాళీ బండిలో వచ్చి, లోడులో రాకపోతే అదే కారణం. నాసిరకం ఫోన్ ఛార్జరు కూడా అడ్డం పడొచ్చు. దాన్ని పీకి ఒకసారి చూడండి.

మన ప్రాంతానికి ప్రత్యేకం

కోనసీమ తీరం వైపు తిరిగే బండ్లకి ఉప్పు గాలి తగులుతుంది. లోహపు సెన్సర్ వాల్వ్ కాడకి పట్టేస్తుంది. అప్పుడు బలంగా తిప్పితే కాడే విరుగుతుంది. నెలకొకసారి తీసి, మరలు తుడిచి, మళ్లీ బిగించండి. కాలవ గట్ల మీద బురదలో తిరిగిన రోజు, సెన్సర్ విప్పేముందు నీళ్లతో కడగండి. లేకపోతే మట్టి వాల్వ్‌లోకే పోతుంది.

లోపలి రకం ఉంటే పంక్చర్ షాపులో ముందే చెప్పండి. టైరు విప్పేటప్పుడు ఇనప పట్టీ వాల్వ్ వైపు పెడితే సెన్సర్ పగులుతుంది. పంక్చర్ లిక్విడ్ పోస్తే దాని రంధ్రం మూసుకుపోవచ్చు. టైర్లు ముందువి వెనక్కి మార్చాక సెన్సర్ల స్థానాలు కూడా మళ్లీ నేర్పించాలి. లేకపోతే వెనక టైరు తగ్గితే ముందుది తగ్గినట్టు చూపిస్తుంది.

దారిలో కూస్తే

గట్టిగా బ్రేకు కొట్టకండి. మెల్లగా వేగం తగ్గించి అంచుకి తీసి ఆపండి. అంకె కళ్లముందే పడిపోతుంటే ఇంకొక్క కిలోమీటరు కూడా వద్దు, స్టెప్నీ వేసెయ్యండి. గాలి సరిగానే ఉండి ఒక చక్రం వేడి మాత్రం మిగతావాటికంటే బాగా ఎక్కువ చూపిస్తుంటే బ్రేకు పట్టేసిందేమో, బేరింగు పోయిందేమో మెకానిక్‌కి చూపించండి.

స్టెప్నీకి సాధారణంగా సెన్సర్ ఉండదు. దాన్ని ఎవరూ గుర్తుచెయ్యరు కాబట్టి నెలకొకసారి దానికీ గేజి పెట్టండి. మీ బండికి ఇంకేదైనా రకం ఇబ్బంది వస్తుంటే బండి పేరు, సెన్సర్ రకం, ఏ పూట కూస్తోందో రాయండి. కలిసి చూద్దాం.