పడవ కదిలిందా, గట్టు కదిలిందా?

పిల్లలూ! సాయంకాలం విజయవాడలో ప్రకాశం బ్యారేజి మీద నిలబడి ఎప్పుడైనా పడమటి దిక్కుకు చూశారా? ఎర్రని సూర్యబింబం మెల్లమెల్లగా కొండల వెనక్కు దిగిపోతుంది. "పొద్దు గుంకింది" అంటాము. తెల్లవారేసరికి అదే సూర్యుడు తూర్పున ప్రత్యక్షమవుతాడు. రాత్రికి రాత్రి అటునుంచి ఇటు ఎట్లా వచ్చాడు?

నిజానికి సూర్యుడు ఎక్కడికీ పోలేదు. తిరిగింది మన భూమి!

"మా కళ్ళతో చూశాము గదా!" అంటారేమో. సరే, కృష్ణలో పడవ ఎక్కండి. పడవ సాఫీగా పోతుంటే గట్టు మీది చెట్లు వెనక్కు పోతున్నట్టుంటుంది. చెట్లు నడవవని తెలుసు గనుక మనం మోసపోము. సుమారు 1500 ఏళ్ళ క్రితం ఆర్యభటుడు తన "ఆర్యభటీయం"లో ఈ పడవ పోలికే చెప్పాడు. నక్షత్రాలు పడమటికి పోతున్నట్టు కనిపించటం కూడా ఇట్లాంటిదేనన్నాడు.

ఆ మాట అందరూ ఒప్పుకోలేదు. భూమే తిరుగుతుంటే, ఆకాశానికి ఎగిరిన పక్షి మళ్ళీ తన గూటికి ఎట్లా చేరుతుందని వరాహమిహిరుడు ఆక్షేపించాడు. ఆయన గొప్ప పండితుడు. ప్రశ్న కూడా మంచిదే!

దానికి జవాబు రైలులో దొరుకుతుంది. విజయవాడ నుంచి గుడివాడ పోయే రైలు ఒకే వేగంతో పోతుండగా, పెట్టెలో కూర్చుని బంతిని పైకి ఎగరవేయండి. అది వెనకబడదు, మీ చేతిలోకే వస్తుంది. రైలు వేగం మీకున్నట్టే బంతికీ ఉన్నది. అదే విధంగా పక్షి, గాలి, కృష్ణ నీళ్ళు, మనమూ, అన్నీ భూమితోపాటే తిరుగుతున్నాము. అందుకే మనకు కుదుపు తెలియదు. విజయవాడ దగ్గర ఈ వేగం ఎంతో తెలుసా? గంటకు సుమారు 1600 కిలోమీటర్లు!

భూమి పడమటినుంచి తూర్పుకు తిరుగుతుంది. కనుక తూర్పునున్న ఊరు ముందుగా వెలుగులోకి వస్తుంది. భూమి ఒక డిగ్రీ తిరగటానికి 4 నిమిషాలు పడుతుంది. బందరు విజయవాడకు తూర్పుగా దాదాపు అర డిగ్రీ దూరాన ఉన్నది. అంటే బందరులో సుమారు 2 నిమిషాలు ముందుగా పొద్దు పొడవాలి.

ఇది నిజమో కాదో మీరే చూడవచ్చు. బందరులో అత్తయ్యో, మామయ్యో ఉంటే ముందురోజే గడియారాలు సరిచూసుకోండి. కొండలూ మేడలూ అడ్డం రాని చోట నిలబడి, సూర్యుడి అంచు కనిపించిన నిమిషం ఎవరికి వారు రాసుకోండి. తరువాత ఫోనులో చెప్పుకోండి. ఆ రెండు నిమిషాల తేడాలో భూమి తిరగటం మీకే కనిపిస్తుంది!