దారిలేని గుట్ట – నీరు పారే కాణి

చిత్తూరుకు చేరువలో, బాహుదా నది ఒడ్డున ఉన్న కాణిపాకం వరసిద్ధి వినాయక క్షేత్రంగా సుప్రసిద్ధం. స్థలపురాణం ప్రకారం ‘కాణి’ అంటే మాగాణి, ‘పారకం’ అంటే నీరు పారడం. మడిలోకి పారే ఆ నీటికి పుట్టిల్లు ఏది? ఈ ప్రాంతపు బోడిగుట్టలను పరిశీలిస్తే సమాధానం దొరుకుతుంది.

ఇటువంటి గుట్టలపైకి బాట ఉండదు. మేకలు, గొర్రెలు నడిచిన జాడలే దారులు. పెద్ద పెద్ద రాతి గుండ్లు, వాటి సందుల్లో పలుచని ఎర్రమట్టి, అందులో బోదగడ్డి, తంగేడు, బలుసు, కలివి పొదలు కనిపిస్తాయి. చూపరులకు ఇది పనికిరాని నేల. 2000 సంవత్సరంలో వెలువడిన భారత బంజరు భూముల అట్లాసులోనూ పొదల నేల, రాతి నేల బంజరు వర్గాల్లోనే చేరాయి.

నీటి లెక్క వేస్తే ఈ అభిప్రాయం మారుతుంది. ఒక హెక్టారుపై 10 మి.మీ. వాన కురిస్తే 100 ఘనపు మీటర్లు, అనగా లక్ష లీటర్ల నీరు చేరుతుంది. గడ్డి దుబ్బులున్న వాలుపై ఆ నీటి వేగం తగ్గుతుంది. కొంత రాతి పగుళ్ళలోకి ఇంకి బావులకు ఊటనిస్తుంది. మిగిలినది వంకల ద్వారా కుంటలకు, చెరువులకు చేరుతుంది. కొత్త చిగురు కోసం వేసవిలో నిప్పుపెట్టిన వాలుపై అదే వాన మట్టిని కోసుకొనిపోయి చెరువును పూడుస్తుంది. ఈశాన్య రుతుపవనాల జడివానల్లో ఈ నష్టం మరింత ఎక్కువ. గుట్టపై జరిగిన పొరపాటుకు ఆయకట్టు రైతు మూల్యం చెల్లిస్తాడు.

గుట్టంతా గుంతలు తీసి మొక్కలు నాటడం దీనికి పరిష్కారం కాదు. పలుచని మట్టిని తవ్వితే నేలను పట్టి ఉంచిన గడ్డి వేళ్ళు తెగుతాయి. ముందుగా నిప్పును అరికట్టాలి. వంకల మొదళ్ళలో అక్కడి రాళ్ళతోనే చిన్న అడ్డుకట్టలు వేయాలి. మేతను పూర్తిగా నిషేధిస్తే కాపరి జీవనం దెబ్బతింటుంది, ఆ నిషేధం నిలవదు. కాబట్టి కాపరులతో సంప్రదించి, గుట్టను భాగాలుగా విభజించి, వంతులవారీగా విశ్రాంతి కల్పించాలి.

సి.హెచ్. హనుమంతరావు కమిటీ సిఫారసుల ఆధారంగా రూపొందిన 1994 వాటర్‌షెడ్ మార్గదర్శకాలు సుమారు 500 హెక్టార్ల పరివాహక ప్రాంతాన్ని ఒక యూనిట్‌గా తీసుకున్నాయి. ఆ యూనిట్‌లో రైతు పొలంతోపాటు ఎవరి పేరిటా పట్టాలేని గుట్ట కూడా భాగమే. శిఖరం నుండి లోయకు సాగడమే వాటర్‌షెడ్ పనుల క్రమం. విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు గ్రామ సర్వేను చెరువు కట్ట వద్ద ఆపక, కాపరి వెంట గుట్ట నెత్తి వరకు నడవాలి. కాణిలో నీరు పారాలంటే ప్రణాళిక అక్కడ మొదలుకావాలి.