చిన్నాయన ఇంగ్లీషు లేతు

పోయిన దసరాకు పావగడ వెళ్ళాను. పేరుకు కర్ణాటక తుమకూరు జిల్లాయే గానీ, మూడువైపులా ఆంధ్ర సరిహద్దు కావడంతో మా తాలూకాలో ఇంటి మాట తెలుగు, కచేరి మాట కన్నడం. ఆయుధ పూజనాడు చిన్నాయన షెడ్డులోని లేతు మిషనుకు కుంకుమ పెట్టి, "దీనికి ఇదే ఆఖరి పూజ అబ్బాయ్. వచ్చే వారం గుజిరీవాడు వస్తాడు, తూకానికి ఇచ్చేస్తా" అన్నాడు. ఆ మాట అంటూ నా ముఖం చూడలేదు.

కారణం చిన్నదే. ఎనిమిదేళ్ళ కిందట ఎవరో చక్కు అడిగి తీసుకెళ్ళి, తిరిగి ఇవ్వలేదు. పనిముక్కను పట్టి తిప్పే చక్కు లేకుంటే లేతు ఉన్నా లేనట్టే.

అది మైఫోర్డ్ ఎంఎల్7. ఇంగ్లండులో నాటింగ్‌హామ్ పక్కన బీస్టన్‌లో సెసిల్ మూర్ అనే ఆయన 1934లో పెట్టిన కంపెనీది. ఈ రకం 1946లో వచ్చింది. ఇంట్లో సరదాగా చిన్న ఆవిరి యంత్రాలు, గడియారపు భాగాలు చేసుకునేవారికోసం తయారైనది. చిన్నాయన దాన్ని బెంగుళూరులో పాతదిగా కొన్నాడు. మా ఊళ్ళో అది సరదా వస్తువు కాలేదు. బోరు పంపులకు బుష్షులు, శెనక్కాయలు వొలిచే మిషన్లకు పిన్నులు చేసి ఇల్లు నడిపింది.

పది రోజులు గడువడిగి, 160 కిలోమీటర్ల దూరంలోని బెంగుళూరు వెళ్ళాను. ఎస్.జె.పి. రోడ్డులో కొత్త చక్కు తొందరగానే దొరికింది. దాన్ని లేతుకు తగిలించే బ్యాక్ ప్లేటు మాత్రం ఏ అంగడిలోనూ లేదు! మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది. అంగళ్ళలో ఇప్పుడు ఎక్కువగా మిల్లీమీటర్ల సామానే. మా లేతు కదురు మూతి 1⅛ అంగుళం, అంగుళానికి 12 మరలు, మర కోణం విట్‌వర్త్ పద్ధతిలో 55 డిగ్రీలు. మెట్రిక్ మర 60 డిగ్రీలు. చూపుకు ఒకటిగానే ఉంటాయి, ఎక్కించబోతే పట్టేస్తాయి. బీస్టన్ కర్మాగారం 2011లో మూతపడింది. ఆ పేరు కొన్న మరో ఇంగ్లీషు సంస్థ నుంచి తెప్పిద్దామంటే, రవాణా, సుంకం కలిపితే మా లెక్కకు అందలేదు.

ఉత్త చక్కుతో తిరిగొచ్చి, పావగడలోనే ఒక పెద్ద టర్నరు దగ్గర కూర్చున్నాను. ఆయన కొలతలు అడగలేదు. "దాంతోపాటు వచ్చిన పాత సామాను ఏమన్నా మిగిలిందా సార్?" అన్నాడు. బల్ల కింది డబ్బాలో తుప్పుపట్టిన ఫేస్ ప్లేటు ఒకటి దొరికింది. దాని లోపలి మరలు మా కదురు మరలే కదా! ఆయన ముందు ఆ ఫేస్ ప్లేటులోకి సరిగ్గా ఎక్కే ఇనుప ముక్క ఒకటి చేశాడు. తర్వాత పోత ఇనుప బిళ్ళలో మర కోస్తూ, ఆ ముక్కతో సరిచూసుకున్నాడు. లేతును షెడ్డులోంచి కదపనే అక్కర్లేకపోయింది.

"నా పని ఇంతవరకే. చక్కు కూర్చునే ముఖం మీ లేతు మీదనే కోసుకోవాల. లేకుంటే చక్కు ఊగుతుంది" అని బిళ్ళ నా చేతిలో పెట్టాడు.

చిన్నాయన నూనె పోసి, బెల్టు సవరించి, బిళ్ళ బిగించి స్విచ్చి వేశాడు. ఎనిమిదేళ్ళ తర్వాత ఆ షెడ్డులో ఇనుప పొట్టు రాలింది. తన చక్కు పెట్టుకునే చోటును ఆ లేతు తానే కోసుకుంది. చెప్పిన రోజుకే వచ్చిన గుజిరీవాడికి మా పిన్నమ్మ కాఫీ ఇచ్చి పంపింది. కొత్త చక్కులో బిగించిన మొదటి పని ఏమిటంటారా? మనవరాలికి చెక్క బొంగరం!

మీ ఇళ్ళలోనూ ఇలాంటి పెద్దల పనిముట్లు ఉండే ఉంటాయి. తూకానికి వేసేముందు బల్ల కింది డబ్బాలు ఒకసారి వెదకండి. అంగడిలో లేని కొలత ఆ డబ్బాలో ఉండవచ్చు. దాన్ని చదవగలిగిన మనిషి మీ ఊళ్ళోనే ఉండవచ్చు.