పాత చీరల బొంత: నేత యింట తీరికవేళ పని

మార్గశిరము వచ్చినదంటే పావగడ తాలూకాలో తెల్లవారుజామున చలి బాగుగానే యుండును. ఎండలు కాయు మెట్టసీమ గదా అని పైయూరివారు తేలికగా తీసికొందురు గాని, మబ్బు లేని రాత్రులలో నేల వేడిమి త్వరగా విడిచిపోవును. వెనుకటి దినములలో ప్రతి యింటను దండెము మీద మూడు నాలుగు బొంతలైనను వ్రేలాడుచుండెడివి. ఇప్పుడు వాని స్థానమున సంతలో దొరకు పాలియెస్టరు రగ్గులు వచ్చినవి. అవి చవుక, తేలిక, త్వరగా ఆరును. వానిని నిందించుట మా ఉద్దేశము కాదు. అయితే వై. యన్. హొసకోట వంటి నేతవారి ఊరిలో, గుడ్డ మంచిచెడ్డలు చేతితో తాకి చెప్పగలవారు వీధివీధిని ఉన్న చోట, బొంత కుట్టుట తెలిసిన చేతులు తగ్గిపోవుచుండుట మాకు బాధగానే యున్నది. అందుచేత ఆ పనిని గూర్చి మాకు తెలిసినంత ఇక్కడ వ్రాయుచున్నాము.

మన ఇండ్లలో బొంత అనుదానిని కన్నడ పొరుగువారు కౌది అందురు. మహారాష్ట్రులకు అది గోధడి, బంగాళీలకు కాంథా. సంస్కృతములో కంథ యన్నను అతుకుల వస్త్రమే. పేరు ఏదైనను సూత్రమొక్కటే. పాత గుడ్డలు పొరలుగా పరచి, అవి జారకుండ సాదా కుట్టుతో బంధించుట. బొంత వెచ్చగా నుండుటకు కారణము గుడ్డ బరువు కాదు, పొరల నడుమ కదలక నిలిచిన గాలి. కాబట్టి ఒకే మందపు గుడ్డ కంటె, అంతే తూకముగల పలుచని నాలుగు పొరలు ఎక్కువ వెచ్చన నిచ్చును. కుట్టు మరీ దగ్గరగా, మరీ బిగువుగా పడినచో ఆ గాలికి చోటు లేక బొంత అట్టవలె బిర్రబిగిసిపోవును. మరీ దూరమైనచో ఉతికినపుడు పొరలు జారి ముద్దలగును. వరుసకు వరుసకు మధ్య అంగుళము ఎడమున్న చాలునని మా అభిప్రాయము. అందము కోరువారు అరంగుళము పెట్టుకొందురు.

కొలత విషయములో చీరయే మనకు దారి చూపును. అయిదున్నర మీటర్ల చీరను మూడు మడతలు వేసినచో ఒక్కొక్క మడత సుమారు ఆరడుగులగును. పన్నా ఇంచుమించు నాలుగడుగులు. అనగా కత్తెర పెట్టకయే ఒక మనిషికి మూడు పొరల బొంత సిద్ధమైనట్లే. రెండు నూలు చీరలు వేసినచో ఆరు పొరలు. నూలు చీర 400 నుండి 500 గ్రాములుండును గనుక బొంత కిలో తూగును. అంతకు మించిన పొరలు వేయవద్దు. ఆరిన బొంతను చూచి ఇంకొక చీర వేయవచ్చుననిపించును గాని, తడిసిన దానిని బావి దగ్గర నుండి ఎత్తవలసినది ఇంటి ఆడవారే.

గుడ్డ యేరుకొనుట సగము పని. చీరను వెలుతురుకు అడ్డముగా పట్టి చూడవలెను. కూర్చున్న చోట, మోకాళ్ల దగ్గర పోగులు పలుచబడి వెలుతురు కారుచుండును. రెండు బొటనవ్రేళ్లతో అక్కడ మెల్లగా లాగిన చిటచిటమని పోవు గుడ్డ పైపొరకు పనికిరాదు, నడిమి పొరకు వేయవచ్చును. కొంగు, కుచ్చిళ్ల లోపలి భాగము సాధారణముగా గట్టిగా నుండును. అతుకులు కావలసినపుడు కంటిచూపుతో అడ్డదిడ్డముగా కత్తిరించక, ఒక పోగు లాగి ఆ గీత వెంట కోయవలెను. ఇది నేతవారికి చెప్పవలసిన మాట కాదు గాని, మగ్గము మీద పోగుకు పోగు లెక్క చూచు చేతులే కత్తెర పట్టగానే తొందరపడుట చూచుచున్నాము. పోగుకు ఏటవాలుగా కోసిన ముక్క సాగిపోయి, దాని చుట్టునున్న నాలుగు ముక్కలను వంకర చేయును.

ఇక పట్టు సంగతి. పట్టు నేయు ఇండ్లలో పాత పట్టుచీరలు, కత్తిరింపు ముక్కలు ఉండుట సహజము. వానిని నూలుతో కలిపి కుట్టవలెనని అందరికిని ఆశ పుట్టును. కంటికి బాగుండును కూడ. కాని చిక్కు చాకిరేవు దగ్గర బయటపడును. ఒంటికి తగులు నూలు బొంతకు వేడినీళ్లు, చాకలిసోడా కావలెను. నూలు దానికి తట్టుకొనును. పట్టు పురుగు నుండి పుట్టిన పదార్థము, సోడాకారము దానిని తినివేయును. ఉన్నికిని ఇదే గతి. కనుక ఒకే బొంతలో రెండును ఉన్నచో, నూలుకు తగినట్లు ఉతికిన పట్టు చచ్చును, పట్టుకు తగినట్లు కుంకుడు రసముతో చల్లనీళ్లలో జాడించిన నూలు మురికి వదలదు. రోజువారీ బొంత అచ్చముగా నూలుతోనే కుట్టుడు. పట్టు ముక్కలను కూడబెట్టి, తరచుగా ఉతకనక్కరలేని దుప్పటిపై పరుపుగానో, దిండు గలీబుగానో వేరే చేసికొనుడు. జరీ అంచులు మాత్రము ఎందులోను వేయవద్దు. లోహపు రేకు ఒరసి ప్రక్క పోగులను కోయును, ఒంటికి గీచుకొనును. అసలు జరీ యైనచో దానిలో వెండి యుండును, పాత జరీ కొనువారు వచ్చినపుడు తూకము వేయించుకొనుటే మేలు.

మా ఇంట జరిగిన పొరపాటు ఒకటి చెప్పెదము. మెత్తబడిన పాత చీరలతో పైపొర కుదిర్చి, అడుగున మగ్గము నుండి అప్పుడే దిగిన కొత్త నూలుగుడ్డ వేసితిమి. గంజి మీద నున్న గుడ్డ సాఫుగా, బిర్రుగా నుండుటచే కుట్టుటకు ఎంతో హాయిగా నుండెను. నెలరోజులు సాయంకాలములు కూర్చుండి ముగించితిమి. మొదటి ఉతుకులో గంజి పోయినది, కొత్త గుడ్డ కుంచించుకొనినది, పాతది కుంచించుకొనలేదు. బొంత అంతయు ఎండిన మిరపకాయవలె ముడుచుకొని, కుట్టు పడిన చోటులనెల్ల పాత చీర చినుగుట మొదలుపెట్టినది. నేతవారమై యుండి గంజి సంగతి మరచితిమని ఇంటిలోని పెద్దమ్మ చాల దినములు నవ్వుచునే యుండెను. కొత్త గుడ్డ ఏదైనను వేడినీళ్లలో నానబెట్టి, ఉతికి, ఆరవేసి, మరల ఒకసారి ఉతికిన తరువాతనే బొంతలో చేర్పవలెను. ఎరుపు, ముదురు నీలము గుడ్డలను ముందుగా వేరుగా తడిపి తెల్లగుడ్డకు అద్ది చూడవలెను. రంగు దిగినంత కాలము అవి బొంతకు రావు.

పొరలు పరచుటకు ఊడ్చి తుడిచిన నేల లేదా పెద్ద చాప కావలెను. అడుగు పొర పరచి నాలుగు మూలల రాళ్లు పెట్టి, దాని మీద నడిమి పొర, పైపొర వేసి అరచేతితో నడుమ నుండి అంచులకు నిమిరి ముడుతలు తీయవలెను. తరువాత జానెడు ఎడముతో పొడుగు కుట్లు వేసి పొరలను తాత్కాలికముగా పట్టించవలెను. ఇది కూడ నడుమ నుండి అంచులకే. చాలమంది ఈ మెట్టు దాటవేసి, నేరుగా అంచు నుండి మొదలుపెట్టి, చివరకు నడుమ గుడ్డ పోగుపడి బాధపడుదురు. అసలు కుట్టుకు సూది పొడవుగా, కన్ను పెద్దదిగా నున్న చాలును. దబ్బనము వాడిన చిల్లులు పెద్దవగును. కుట్టుమిషను వాడకూడదని మేము చెప్పము. 16 లేక 18 నంబరు సూదితో ఆరు పొరలు పోవును. అయితే పైపొర అడుగు పొరకంటె వెనుకబడి జారుచుండును గనుక తాత్కాలికపు కుట్టు మరింత దగ్గరగా వేసికొనవలెను.

దారము మన ఇంటనే యున్నది. 40 నంబరు నూలు నాలుగు పోగులు కలిపి, వడికినపుడు పడిన పురికి ఎదురు పురి పెట్టినచో మంచి బొంత దారమగును. ఎదురు పురి పెట్టనిచో అది మెలికలు తిరిగి ముడిపడును. తేనెమైనము మీద ఒకసారి లాగినచో పొరలలో జారుగా పోవును. పడుగు ముగిసి కొత్త పడుగు అతికించిన తరువాత మిగిలిపోవు పోగుల చివరలు కూడ పనికివచ్చును. మూర, మూరన్నర పొడవున్న ఆ తునకలు సూదికి ఒక్కసారి ఎక్కించు దారమునకు సరిపోవును. నూలువైతే నాలుగైదు కలిపి రోజువారీ బొంతకు, పట్టువైతే పట్టు పరుపునకు వాడుకొనుడు. ఆ తునకలను దూదివలె నడుమ కూరి బొంత మందము చేయుదమని మాత్రము అనుకొనవద్దు. మొదటి ఉతుకుకే ఉండలు కట్టి ఒక మూలకు చేరును.

ఇతరుల పద్ధతులు చూచుటలో తప్పులేదు. బంగాళీ స్త్రీలు కాంథాకు కావలసిన రంగు దారమును పాత చీర అంచుల నుండియే పోగుపోగుగా లాగి వాడెడివారు. మన రాష్ట్రమునందే ఉత్తర కన్నడ జిల్లాలో యల్లాపుర, హళియాళ ప్రాంతముల సిద్ధీలు ఉన్నారు. పూర్వము ఆఫ్రికా నుండి వచ్చినవారి సంతతి. వారి కవందులు పేరుపొందినవి. వారు మనవలె నడుమ నుండి గాక అంచు నుండి మొదలుపెట్టి, చుట్టును తిరిగి నడుమకు వచ్చెదరు. అతుకులను ఒక్కసారిగా పరచక, కుట్టుచు పోవుచు ఒక్కొక్కటిగా చేర్చెదరు గనుక ముడుత వచ్చిన చోట సర్దుకొనుటకు వీలుండును. చివరకు నాలుగు మూలల ముక్కోణముగా మడచిన ముక్కలు కుట్టుదురు, వానిని ఫులా, అనగా పువ్వు అందురు. అమెరికాలో అలబామా రాష్ట్రమున జీస్ బెండ్ అను పల్లెలో, బానిసలుగా బ్రదికిన వారి సంతతి స్త్రీలు పాత పనిబట్టలతో కుట్టిన బొంతలను 2002లో హ్యూస్టన్, న్యూయార్కు నగరముల మ్యూజియములలో ప్రదర్శించిరి. 2006లో అక్కడి తపాలాశాఖ వాని బొమ్మలతో బిళ్లలు వేసినది. చలికి కప్పుకొనుటకై కుట్టినవే అవియును.

ఈ మాట విని, మనము కూడ కుట్టి అమ్ముదమా అని అడుగువారుందురు. లెక్క వేసి చూడుడు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పుగల బొంతకు అంగుళమునకొక వరుస చొప్పున 48 వరుసలు. అంగుళమునకు 4 కుట్లు వేసినచో మొత్తము 13,824 కుట్లు. నిమిషమునకు 15 కుట్లు పడినను పదిహేను గంటలు దాటును. అరంగుళపు వరుసలైనచో ముప్పది గంటలు. పరచుట, అతుకులు కోయుట, అంచు కట్టుట ఇందులో చేరలేదు. దారము అంగుళపు వరుసలకే సుమారు 110 మీటర్లు పట్టును. ఆ ముప్పది గంటలు మగ్గము మీద కూర్చున్న వచ్చు కూలి ఎంతో మీకు తెలియును. దానికి తక్కువ ధర చెప్పు బేరగానికి బొంత ఇచ్చుటకంటె ఇంట కప్పుకొనుట నయము. మన ఆడవారు కండెలు చుట్టుట, పోగులు అతుకుట మొదలైన పనులు లెక్కలేకుండ చేయుచునే యున్నారు. బొంతను కూడ వారి మీద మరియొక చాకిరిగా పెట్టుట మాకు సమ్మతము కాదు. తీరికయున్ననాడు, మనసున్నవారు, మగవారైనను సరే, పట్టవలసిన పని ఇది. సూది పట్టినంత మాత్రమున మగతనము పోదు, నాడె పట్టిన చేయియే గదా.

మొదటిసారి కుట్టువారు పెద్ద బొంత జోలికి పోవద్దు. గుంటమగ్గము దగ్గర కూర్చుండు చోటికి రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పుగల చిన్నది కుట్టుకొనుడు. రోజంతయు అక్కడ కూర్చుండువారికి దాని విలువ తెలియును. కుట్టు వంకరపోయినను చూచువారుండరు. రెండవది చంటిబిడ్డకు మీటరు చదరముగా, పాత పంచెలతో. దానికి రంగుగుడ్డ, బొత్తాము, గట్టి అతుకు ఏదియు వద్దు, కుట్టు ముడులు లోపలి పొరలో దాగునట్లు చూడవలెను. మూడవదానికి చేయి కుదురును.

బొంతను నెలకొకసారి ఎండ వేయుట ఉతుకుటకంటె మేలు. ఎండకు మన తాలూకాలో కొదువ లేదు. తిరుమణి చుట్టుపట్ల పదమూడు వేల ఎకరాలలో పరచిన సౌరవిద్యుత్ పార్కు 2,050 మెగావాట్ల శక్తిగలది, ఆ సూర్యుడే మన దండెము మీద బొంతకును ఉచితముగా దొరకును. ఉతికినపుడు పిండక, రెండు దండెముల మీద పరచి నీరు కారనీయవలెను, ఒకే దండెమైనచో బరువంతయు మడత మీద పడి అక్కడి కుట్టు తెగును. వానకాలము పెట్టెలో దాచువారు పూర్తిగా ఆరిన తరువాతనే మడవవలెను, ఎండిన వేపాకు పొరల నడుమ వేయవచ్చును. ప్రతిసారి మడత వేరు చోట వేయవలెను. ఎక్కడైన కుట్టు తెగినచో అదే వారము, తెగిన చోటికి నాలుగంగుళములు ముందునుండి మొదలుపెట్టి నాలుగంగుళములు దాటి కుట్టవలెను, పాత దారము చివరలను లాగక లోపలికి దూర్చవలెను.