మీకు తెలుసా? తెల్లన్నం తినొచ్చు, పప్పు వద్దు!

కడుపుబ్బరం ఎంతకీ తగ్గకపోతే కొందరికి డాక్టర్లు ‘బ్రీత్ టెస్ట్’ రాస్తారు. దానికి ముందురోజు పథ్యం ఉంటుంది. పప్పు, చిక్కుడు, గోధుమరొట్టె, పాలు వద్దంటారు. తెల్లన్నం మాత్రం తినొచ్చు. మిర్యాలగూడ మిల్లర్లు ఈ మాట వింటే మీసం మెలేస్తారేమో! పాలిష్ పట్టిన బియ్యంలోని పిండిపదార్థం దాదాపు మొత్తం చిన్నపేగులోనే అరిగిపోతుంది. పెద్దపేగులో కాచుకుని ఉన్న బ్యాక్టీరియాకు మిగిలేది చాలా తక్కువ. కందిపప్పు సంగతి వేరు. అందులోని రాఫినోజ్ లాంటి చక్కెరలను అరిగించే ఎంజైమే మనిషికి లేదు. అవి చెక్కుచెదరకుండా పెద్దపేగుకు చేరతాయి, అక్కడ బ్యాక్టీరియాకు విందు.

ఆ విందులో పుట్టేదే హైడ్రోజన్. మన ఒంట్లోని ఏ కణమూ ఈ వాయువును తయారుచేయలేదు. కాబట్టి ఊపిరిలో అది కనిపించిందంటే బ్యాక్టీరియా పనే. పేగు నుంచి రక్తంలోకి, అక్కడి నుంచి ఊపిరితిత్తుల్లోకి వచ్చి బయటపడుతుంది. పరగడుపున గ్లూకోజ్ గానీ లాక్టులోజ్ గానీ నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒకసారి ఊదిస్తారు. మొదటి ఊపిరిలో ఉన్నదానికంటే 90 నిమిషాల లోపు పది లక్షల పాళ్లకు 20 పాళ్లు పెరిగితే, చిన్నపేగులోనూ బ్యాక్టీరియా గుంపుకట్టిందని అనుమానిస్తారు. కొందరి పేగుల్లో హైడ్రోజన్‌ను తినేసి మీథేన్ వదిలే సూక్ష్మజీవులుంటాయి. అందుకే మంచి యంత్రాలు రెండింటినీ కొలుస్తాయి.

కోదాడ నుంచి ఈ పరీక్షకు హైదరాబాద్ బయల్దేరేవాళ్లకు ఒక మాట. సూర్యాపేటలో బస్సు ఆగగానే అందరితోపాటు దిగి చాయ్ తాగారో, పరీక్ష చెడినట్టే. సిగరెట్టూ అంతే, అది కూడా హైడ్రోజన్ లెక్కను పెంచేస్తుంది. ముందురోజు సద్దన్నం కూడా వద్దు. చల్లారిన అన్నంలో కొంత పిండిపదార్థం గట్టిపడి, అరగకుండా పెద్దపేగు దాకా పోతుంది.

మామూలు రోజుల్లో అలా పోవడం మంచిదే. బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి అసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ అనే ఆమ్లాలు చేస్తుంది. పెద్దపేగు గోడలోని కణాలకు ముఖ్యమైన ఇంధనం బ్యూటిరేటే. వీటిని మలంలో గ్యాస్ క్రొమటోగ్రఫీతో కొలుస్తారు. తిరకాసు ఏమిటంటే, తయారైన ఆమ్లాల్లో దాదాపు 95 శాతాన్ని పేగే పీల్చేసుకుంటుంది. మలం శాంపిల్ డబ్బాలో దొరికేది మిగిలిన కొసరు. పోనీ రక్తంలో చూద్దామా అంటే, బ్యూటిరేట్‌లో ఎక్కువ భాగం పేగు గోడలోనే ఖర్చవుతుంది, మిగిలినదాంట్లోనూ చాలావరకు కాలేయం పట్టేసుకుంటుంది. చేతి నరంలోంచి తీసిన రక్తంలో ఉండేది ఆవగింజలో అరభాగం.

ఇంకో చిక్కు: మలం డబ్బాలోకి వచ్చాక కూడా బ్యాక్టీరియా పని ఆపదు. మే నెల ఎండలో సూర్యాపేట నుంచి హైదరాబాద్ దాకా, అంటే సుమారు 135 కిలోమీటర్లు, ఐస్ లేకుండా పంపితే దారి పొడుగునా పులుస్తూనే ఉంటుంది. అప్పుడు రిపోర్టులో వచ్చే అంకె మీ పేగుదా, ప్రయాణానిదా? అందుకే పరిశోధకులు శాంపిల్‌ను వీలైనంత త్వరగా మైనస్ 80 డిగ్రీల దగ్గర గడ్డకట్టిస్తారు. లేదంటే బ్యాక్టీరియాను ఆపేసే ద్రావణంలో వేస్తారు.

మలం పరీక్షతో ‘మీ గట్ హెల్త్ స్కోర్’ చెబుతామంటూ వేలు గుంజే ప్యాకేజీ ఎవరైనా అంటగట్టబోతే డబ్బు కట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి: శాంపిల్ తీసిన ఎన్ని గంటల్లో ఫ్రీజ్ చేస్తారు? జవాబు సూటిగా రాకపోతే ఆ డబ్బు జేబులోనే ఉంచుకోండి.