ఆపరేషన్ ఒక్కటే మార్గం కాదు
బిడ్డకూ బిడ్డకూ ఎడం ఉండాలి - ఆశా కార్యకర్తల శిక్షణలో ముఖ్య పాఠం

చంకలో బిడ్డకు ఇంకా నడక రాలేదు. తల్లికి మళ్ళీ నెల తప్పింది. ఒంట్లో రక్తం లేదు. ‘ఇద్దరు పుట్టాక ఆపరేషన్ చేయించుకుందాంలే’ అనుకున్న ఆ దంపతులకు, రెండు కాన్పుల నడుమ ఎడం ఎలా ఉంచుకోవాలో చెప్పినవారు లేరు. ఇటువంటి ఇళ్ళకు వెళ్ళి ఆ మాట చెప్పడమే ఆశా కార్యకర్త పని. అందుకే ఆమెకు గర్భనిరోధక సాధనాల గురించి శిక్షణ ఇస్తున్నారు.

గోడల మీది ఎర్ర త్రికోణం పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. 1952లోనే మన దేశం కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమంగా చేపట్టింది. కాని ఎమర్జెన్సీ రోజుల్లో, 1976-77 ఒక్క సంవత్సరంలోనే 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. అనేకచోట్ల బలవంతం జరిగింది. జనంలో పుట్టిన భయం చాలాకాలం పోలేదు.

1977 అక్టోబరు 2న గ్రామ ఆరోగ్య కార్యకర్తల పథకం ప్రారంభమైంది. వారిలో ఎక్కువమంది మగవారే. ఆడవారు ఇటువంటి సంగతులు వారితో చెప్పుకోలేకపోయేవారు. 2005లో మొదలైన ఆశా పథకానికి మాత్రం ఆ ఊళ్ళో కాపురముండే మహిళలనే తీసుకున్నారు. సుమారు వెయ్యి జనాభాకు ఒకరు.

ఏ సాధనం ఎవరికి?

కాన్పు తరువాత కనీసం రెండేళ్ళ వరకు మళ్ళీ గర్భం రాకుండా చూసుకోవడం తల్లికీ బిడ్డకూ మంచిది. ఇందుకు ఉన్న సాధనాలన్నిటినీ కార్యకర్త వివరించగలగాలి.

మాలా-ఎన్ మాత్ర రోజుకొకటి వేసుకోవాలి. పాలిచ్చే తల్లులు మొదటి ఆరు నెలలు దీనిని వాడరాదు. ఛాయ మాత్రలో హార్మోను లేదు కనుక వారు దీనిని వాడవచ్చు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తరువాత వారానికి ఒకటి. అంతర ఇంజెక్షన్ మూడు నెలలకొకసారి. అది మానిన తరువాత గర్భం రావడానికి కొన్ని నెలలు పట్టవచ్చునని ముందే చెప్పాలి. కాపర్-టిలో ఐదేళ్ళది, పదేళ్ళది ఉన్నాయి. కాన్పయిన 48 గంటల లోపే వేయించుకోవచ్చు. బిడ్డ కావాలనుకున్నప్పుడు తీయించుకోవచ్చు. నిరోధ్ సుఖవ్యాధుల నుంచి కూడా రక్షణ ఇస్తుంది.

అపోహలకు జవాబు

శిక్షణలో ఒకరు కార్యకర్తగా, మరొకరు అత్తగారుగా మాట్లాడి చూపిస్తారు. ‘కాపర్-టి గుండెకు పాకుతుందటగదమ్మా?’ అని అత్తగారు అడుగుతుంది. ‘గర్భసంచిలోంచి గుండెకు దారే లేదత్తా’ అని ఈమె బొమ్మ చూపి చెప్పాలి. ‘పాలిస్తున్నంతకాలం నెల తప్పదు’ అన్న మాటను పూర్తిగా నమ్మరాదు. బిడ్డ వయసు ఆరు నెలల లోపు ఉండాలి, రాత్రింబవళ్ళు తల్లిపాలే పట్టాలి, బహిష్టు రాకుండా ఉండాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా వేరే సాధనం అవసరం.

‘మగవాడికి ఆపరేషన్ చేస్తే బలం తగ్గుతుంది’ అన్నది మరో అపోహ. కోత, కుట్టు లేని ఈ చిన్న ఆపరేషన్‌తో కాయకష్టానికీ, కాపురానికీ లోటు రాదు. అయితే తరువాత మూడు నెలలు నిరోధ్ తప్పనిసరి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన స్త్రీలలో నూటికి సుమారు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నారు. మగవారి ఆపరేషన్లు నూటికి ఒకటి కూడా లేవు. భారమంతా ఆడవారి మీదే పడుతున్నది.

నిర్ణయం దంపతులదే

2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో శిబిరంలో ఆపరేషన్ చేయించుకున్న పదిమందికి పైగా స్త్రీలు మరణించారు. ఇటువంటి శిబిరాలకు మూడేళ్ళలో స్వస్తి చెప్పాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. పూర్తిగా తెలియజెప్పి, ఇష్టపూర్వకంగా ఒప్పుకున్న తరువాతే ఆపరేషన్ చేయాలి. కార్యకర్త చెప్పవచ్చును గాని, ఒత్తిడి చేయరాదు.

ఒక ఇంట్లో విన్న మాట మరో ఇంట్లో చెప్పరాదన్నది కూడా ఆమె నేర్చుకునే పాఠమే. కనుక భార్యాభర్తలు సిగ్గుపడకుండా ఆమెను అడగవచ్చు. ఏ సాధనం తమ ఒంటికి సరిపడుతుందో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పరీక్ష చేయించుకుని తెలుసుకోవచ్చు.