కంటైనర్ ఇల్లు కొని సోమశిల దగ్గర రెంట్‌కి ఇవ్వొచ్చా? అసలు లెక్క ఇదీ

మొన్న కొల్లాపూర్ వైపు నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, మా నాన్నకు రెండెకరాలుంది. మా చేను కాడ నిలబడితే కృష్ణ బ్యాక్‌వాటర్ కనిపిస్తది. 12 లక్షలు లోన్ తీసి ఒక కంటైనర్ ఇల్లు దింపి, వీకెండ్‌లకు రెంట్‌కి ఇస్తా. ఎకో ఫ్రెండ్లీ అని బోర్డు పెడితే హైదరాబాదోళ్లు వస్తరు కదా?" అని. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాల్లోనూ మన ఏజ్ వాళ్లు చాలామంది ఇదే ఆలోచనలో ఉన్నారు. మెసేజ్‌లో రెండు లైన్లు రిప్లై ఇచ్చి ఊరుకునే విషయం కాదు, ఎందుకంటే తాకట్టు పెట్టేది నాన్న భూమి. అందుకే ఈ ఎపిసోడ్.

ముందు ఒకటి ఒప్పుకుందాం, ఐడియా గాలిలోంచి పుట్టింది కాదు. 2015-16లోనే కేంద్రం స్వదేశ్ దర్శన్ కింద పాత మహబూబ్‌నగర్ జిల్లాకు ఎకో టూరిజం సర్క్యూట్ అని 91.62 కోట్లు ఇచ్చింది. సోమశిల, అక్కమహాదేవి గుహలు, ఈగలపెంట, ఫరహాబాద్, ఉమామహేశ్వరం, మల్లెలతీర్థం అన్నీ అందులోవే. 2024 నవంబర్‌లో మళ్లీ సోమశిల వెల్‌నెస్ రిట్రీట్‌కి 68.10 కోట్లు శాంక్షన్ అయ్యాయి. అటు అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్ 2021 నవంబర్‌లో టైగర్ స్టే ప్యాకేజీ మొదలుపెట్టింది. మన్ననూర్‌లో కాటేజీలు, చెట్టు మీద ఇల్లు, సఫారీ, చెంచు యువకులే గైడ్‌లు. అంటే జనం ఇటు వస్తున్నారు, రాత్రికి ఉండడానికి గదులు కావాలి. ఆ గది ప్రీఫ్యాబ్ అయితే ఎలా ఉంటుంది అన్నదే ప్రశ్న.

ప్రీఫ్యాబ్ అంటే సింపుల్. ఇంటి ముక్కలు ఫ్యాక్టరీలో తయారవుతాయి, సైట్‌కి వచ్చాక బిగిస్తారు. మేడ్చల్ రోడ్డు మీద వెళ్తుంటే వరసగా పెట్టి అమ్ముతుంటారు, చూసే ఉంటారు. కొన్ని నిజంగా ఓడల్లో తిరిగిన కంటైనర్లు. కొన్ని చూడ్డానికి కంటైనర్‌లా ఉంటాయి కానీ కొత్త ఇనుప ఫ్రేమ్‌కి పఫ్ ప్యానెళ్లు బిగించినవి. ఇంకొన్ని సన్న స్టీల్ ఫ్రేమ్‌కి సిమెంట్ ఫైబర్ బోర్డులు వేసినవి. ఇదేదో టెంపరరీ షెడ్డు టెక్నాలజీ అనుకోకండి. 2021 జనవరి 1న శంకుస్థాపన చేసిన లైట్ హౌస్ ప్రాజెక్టుల్లో ఇండోర్‌లో శాండ్‌విచ్ ప్యానెళ్లతో, రాంచీలో ఫ్యాక్టరీలో పోత పోసిన గదులతో అపార్ట్‌మెంట్లే కట్టారు.

నిజానికి ఈ పని మన ప్రాంతానికి కొత్త కాదు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో ఊళ్లు మునుగుతున్నప్పుడు కృష్ణా తుంగభద్రలు కలిసే చోట ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విడదీసి, నంబర్లు వేసి, తెచ్చి అలంపూర్‌లో మళ్లీ నిలబెట్టారు. సోమశిల గుళ్లు, జటప్రోలు మదనగోపాలస్వామి గుడి కూడా అలాగే పైకి వచ్చాయి. విడదీసి, మోసుకొచ్చి, బిగించడం. కాన్సెప్ట్ అదే.

ఇప్పుడు అసలు పాయింట్, ఎండ. మా ఐటీ వాళ్లకి కంటైనర్ అంటే డాకర్ గుర్తొస్తుంది. నా లాప్‌టాప్‌లో రన్ అయితే ఏ సర్వర్‌లో అయినా అలాగే రన్ అవుతుంది అని చెప్తాం. ఈ కంటైనర్ అలా కాదండి. ఊటీలో సూపర్‌గా రన్ అయిన గది మే నెలలో గద్వాలలో క్రాష్ అవుతుంది.

ఎందుకో చూద్దాం. గోడలోంచి వేడి ఎంత తేలిగ్గా లోపలికి వస్తుందో చెప్పే నంబర్‌ని యూ వాల్యూ అంటారు. తక్కువుంటే మంచిది. ఉత్త ఇనుప రేకుకి అది 5 నుంచి 6 దాకా ఉంటుంది. ప్లాస్టర్ చేసిన 9 అంగుళాల ఇటుక గోడకి 2 చుట్టుపక్కల. 50 మిల్లీమీటర్ల పఫ్ ప్యానెల్‌కి సుమారు 0.45. అంటే మంచి పఫ్ గోడ ఇటుక గోడ కంటే నాలుగు రెట్లు బెటర్. అమ్మేవాళ్లు ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తారు.

చెప్పనిది ఏంటంటే బరువు సంగతి. మన పాలమూరు మట్టి మిద్దె ఉంది కదా, లావు గోడలు, పైన చౌడు మట్టి. ఆ గోడ పగలంతా వేడిని మెల్లగా తాగుతుంది, లోపలికి చేరేసరికి సాయంత్రం అయిపోతుంది. ప్రీఫ్యాబ్ గోడకి ఆ ఓపిక లేదు. మధ్యాహ్నం కిటికీ తెరిచారా, ఐదు నిమిషాల్లో లోపల కూడా బయటి వేడే. పైగా ఇనుప ఫ్రేమ్ ఎక్కడైతే లోపలి నుంచి బయటికి తగులుతుందో అక్కడ పఫ్ ఉన్నా లేనట్టే, వేడి ఆ ఇనుము పట్టుకుని వచ్చేస్తుంది. ఎండలో ఉన్న ముదురు రంగు రేకు 60 డిగ్రీలు దాటడం వింత కాదు. ఇన్‌స్టాలో బ్లాక్ కలర్ కంటైనర్ ఫొటోలు చూసి అదే కావాలంటారు. దయచేసి వద్దు. తెలుపు వేయండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది ఊరికే కాదు.

నన్నడిగితే ఏ మోడల్ కొన్నారు అన్నదానికంటే దాన్ని ఎలా పెట్టారు అన్నదే ముఖ్యం. పొడుగు గోడలు ఉత్తరం, దక్షిణం చూడాలి. పొట్టి గోడలు తూర్పు, పడమర. పడమటి గోడకి కిటికీ వద్దు, సన్‌సెట్ వ్యూ కావాలంటే వరండాలో కుర్చీ వేయండి. గది పైన అడుగు, అడుగున్నర గ్యాప్ ఇచ్చి ఇంకో కప్పు వేయండి. బోద గడ్డి అయినా సరే, కానీ దానికి నిప్పు భయం ఉంది కాబట్టి కిచెన్‌కి దూరంగా. ఆ పై కప్పు ఎండని తను మింగుతుంది, మధ్యలో గాలి ఆడుతుంది. చెంచుల గుండ్రటి గుడిసెని గమనించండి. గోడ పొట్టిగా, కప్పు కిందిదాకా దిగి ఉంటుంది. గోడకి ఎండే తగలదు.

నిప్పు అన్నాను కాబట్టి ఇంకో మాట. పఫ్ అంటే ప్లాస్టిక్ నురగ. అంటుకుంటే దాని పొగ మంట కంటే ముందు మనిషిని పడేస్తుంది. గెస్ట్‌లు పడుకునే గదిలో గ్యాస్ స్టవ్ పెట్టకండి. బయటికి రావడానికి డోర్ కాకుండా పెద్ద కిటికీ ఒకటి ఉండాలి, దానికి గ్రిల్ ఉంటే లోపలి నుంచి తెరుచుకోవాలి. బడ్జెట్ ఉంటే రాక్‌వూల్ ప్యానెల్ అడగండి. వేడి ఆపడంలో కొంచెం వెనక, కానీ అంటుకోదు.

కింద నేల సంగతి. నడిగడ్డలో చాలా చోట్ల నల్లరేగడి. వాన పడితే ఉబ్బుతుంది, ఎండకి పగుళ్లు తీస్తుంది. మామూలు ఇళ్ల గోడలు బీటలు వారేది అందుకే. ఈ విషయంలో ప్రీఫ్యాబ్‌కి ప్లస్ ఉంది. తేలిక కాబట్టి నాలుగైదు దిమ్మెల మీద నిలబెట్టి, లెవెల్ మారితే మళ్లీ సరిచేసుకోవచ్చు. మైనస్ కూడా ఆ తేలికే. వానాకాలం ముందు వచ్చే గాలిదుమారానికి ఎగరకుండా దిమ్మెలకి బోల్టులతో కట్టేయాలి.

నీళ్ల సంగతి ఇంకా సీరియస్. శ్రీశైలం రిజర్వాయర్ పూర్తి నీటిమట్టం 885 అడుగులు. 2009 అక్టోబర్ వరదలో నీళ్లు 896.5 అడుగుల దాకా వచ్చాయి. అలంపూర్, రాజోలి మునిగిన వరద అది. 20 అడుగుల ఖాళీ కంటైనర్ బరువు రెండు టన్నుల పైచిలుకు, కానీ దాని సైజుకి 38 టన్నుల నీళ్లు పడతాయి. అంటే నీళ్లొస్తే అది ముందు మునగదు, పడవలా తేలిపోతుంది. "నీళ్లకి ఇంకా దగ్గరగా పెడదాం, వ్యూ బాగుంటుంది" అనే ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఈ లెక్క చూపించండి. ఎండాకాలం నీళ్లు వెనక్కి పోయినప్పుడు బయటపడే భూమి ప్రాజెక్టుది, అక్కడ జొన్న వేసుకుంటున్నారు కదా అని గది పెట్టేయకూడదు.

సరే, ఎకో ఫ్రెండ్లీ బోర్డు. ఓడల్లో తిరిగి రిటైరైన డబ్బా అయితే రీయూజ్ అనొచ్చు, అయితే పాత డబ్బా ప్లైవుడ్ ఫ్లోర్‌కి పురుగుమందు పట్టించి ఉంటుంది, అది మార్చాల్సిందే. కొత్త ఇనుముతో చేసిన డబ్బా అయితే రీయూజ్ ఎక్కడుంది? ఒక టన్ను స్టీల్ తయారీకి సుమారు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతుంది, మన దేశంలో ఇంకొంచెం ఎక్కువే. కాంక్రీట్ తక్కువ పడుతుంది, సైట్‌లో వేస్ట్ తక్కువ, అవి నిజమే. కానీ అసలు పరీక్ష గది వచ్చాక మొదలవుతుంది.

కరెంట్ తీసుకోండి. 3 కిలోవాట్ల సోలార్ రోజుకి 12 యూనిట్ల దాకా ఇస్తుంది. ఒక ఇన్వర్టర్ ఏసీ గంటకి 0.8 యూనిట్ అనుకుంటే రాత్రి పది గంటలకి 8 యూనిట్లు. సరిపోయింది అనిపిస్తుంది, కానీ సోలార్ పగలు ఇస్తుంది, గెస్ట్ ఏసీ రాత్రి వేస్తాడు. బ్యాటరీ కొనాలి, లేదా నెట్ మీటరింగ్. కప్పు నీడ సరిగ్గా ఉంటే ఆ 8 యూనిట్లు సగానికి రావొచ్చు. అందుకే కప్పు గురించి అంతసేపు మాట్లాడాను.

టాయిలెట్ గురించి ఎవరూ రీల్స్ చేయరు. నలుగురు గెస్ట్‌లు, మనిషికి 135 లీటర్లు అనే స్టాండర్డ్ లెక్కన రోజుకి 540 లీటర్లు. అందులో 80 శాతం మురుగు అంటే 430 లీటర్లు. అది ఏటవాలు చేనులోంచి ఎటు పోతుంది? కృష్ణలోకి. ఆ నీళ్లే కింద ఊళ్లు తాగుతాయి. సరైన సెప్టిక్ ట్యాంక్, లేదా డీఆర్‌డీవో డిజైన్ బయో డైజెస్టర్, తర్వాత అరటి మొక్కల మడి. దీనికి డబ్బు పక్కన పెట్టకుండా ఎకో అని బోర్డు పెడితే అది అబద్ధం, అంతే.

పర్మిషన్ల దగ్గర ఒక పుకారు బాగా తిరుగుతోంది. "చక్రాలు పెడితే ఇల్లు కాదు, పర్మిషన్ అక్కర్లేదు" అని. చట్టం చూసేది చక్రాలని కాదు, భూమిని దేనికి వాడుతున్నారన్నది. వ్యవసాయ భూమిలో వ్యాపారం చేస్తే 2006 చట్టం ప్రకారం నాలా కన్వర్షన్ కావాలి. పంచాయతీ పర్మిషన్ వేరే. ఇక అమ్రాబాద్ వైపు వెళ్తే కథే వేరు. అక్కడి షెడ్యూల్డ్ ఏరియా ఊళ్లలో 1/70 రూల్ ఉంది, గిరిజనేతరులు భూమి కొనడం కుదరదు. చెంచుల పేరు మీద పెట్టి నడిపిద్దాం అనే తెలివితేటలు చెప్పేవాళ్లకి దూరంగా ఉండండి. రిజర్వ్ కోర్‌లో అయితే ప్రైవేట్ రిసార్ట్ అనే మాటే లేదు. 2024 జూలై నుంచి అక్కడికి సింగిల్ యూజ్ ప్లాస్టిక్ కూడా తీసుకెళ్లనివ్వట్లేదు.

ఇప్పుడు తమ్ముడి 12 లక్షలు. 11 శాతం వడ్డీ, ఐదేళ్లు అనుకుంటే ఈఎంఐ నెలకి సుమారు 26,000. చూసుకునే మనిషికి 10,000 అనుకుందాం. మొత్తం 36,000. రాత్రికి 3,000 రెంట్ పెట్టి, యాప్ కమిషన్, దుప్పట్ల ఉతుకుడు, కరెంట్ తీసేస్తే చేతికి 2,200 అనుకుందాం. 36,000 రావాలంటే నెలకి 17 రాత్రులు నిండాలి. శుక్ర, శనివారాలు కలిపితే నెలకి ఎనిమిదో తొమ్మిదో. మిగతా ఎనిమిది రాత్రులు మంగళవారం, బుధవారం ఎవరొస్తారు? ఏప్రిల్, మే ఎండలో ఎవరొస్తారు? వానాకాలం మూడు నెలలు సఫారీ కూడా బంద్. ఈ అంకెలు మీ ఊరికి తగ్గట్టు మార్చుకుని చూడండి, లెక్క మాత్రం ఇలాగే వేయాలి.

నేను అతనికి చెప్పింది ఇదీ. నాన్న భూమి తాకట్టు పెట్టి 12 లక్షలతో మొదలుపెట్టకు. ఊళ్లో తాళం వేసి ఉన్న మిద్దెలు ఎన్ని ఉన్నాయో ఈ వారం తిరిగి చూడు. ఒకటి లీజుకి తీసుకుని, కప్పు బాగు చేయించి, మంచి బాత్రూమ్ కట్టించి, ఒక సీజన్ నడిపి చూడు. గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ నడుస్తోంది, వనపర్తి రాజుల ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ నడుస్తోంది. ఉన్న బిల్డింగ్‌ని వాడుకోవడం మనకి చేతకాని పనేం కాదు. వారం మధ్యలో కూడా జనం వస్తున్నారని నీ సొంత నోట్‌బుక్‌లో కనిపించినప్పుడు చేనులో ప్రీఫ్యాబ్ పెట్టు. అది కూడా మడిచి, లారీ ఎక్కించి వేరే చోటికి పంపగలిగేది. ఎందుకంటే దాని అసలు బలం అదే. బిజినెస్ నడవకపోతే అమ్ముకోవచ్చు, కాంక్రీట్ గదిని అమ్ముకోలేవు.

కొనేటప్పుడు ఆ సేల్స్ అతన్ని అడగాల్సినవి ఉన్నాయి. కప్పులో పఫ్ ఎన్ని మిల్లీమీటర్లు, డెన్సిటీ ఎంత, రాసి ఇస్తావా? క్రేన్ ఖర్చు నీదా నాదా? మా ఊరి సందులో కరెంట్ తీగలు కిందికి వేలాడుతుంటాయి, లారీ వస్తుందో రాదో ముందే వచ్చి చూస్తావా? ఇంకొకటి, ఇదే ముఖ్యం. గత ఏడాది నువ్వు అమ్మిన గది ఒకటి మన పక్క జిల్లాల్లో ఎక్కడుందో చెప్పు, మే నెలలో మధ్యాహ్నం మూడింటికి వెళ్లి గంట కూర్చుని వస్తా, ఏసీ ఆపేసి.